పాతరలో పొంగే ద్రాక్ష

బొమ్మలు గీసుకునే మనిషికి వైన్ గోల ఎందుకు? జాన్ వర్డమన్ అమెరికాలో పుట్టి, మాస్కోలోని సూరికోవ్ ఇన్‌స్టిట్యూట్‌లో చిత్రకళ నేర్చుకున్నాడు. కుర్రతనంలో విన్న జార్జియా జానపద బృందగానం చెవిని వదలక, 1990ల్లో ఆ దేశం చేరి, తూర్పున కఖేతీ ప్రాంతంలోని సిఘ్నాఘీలో కాపురం పెట్టాడు. మన పిల్లలు ఎంబీబీఎస్‌కి వెళ్లే జార్జియానే. సిఘ్నాఘీకి రాజధాని ట్బిలిసి నుంచి రెండు గంటల దారి. ఒకరోజు ద్రాక్షతోటలో బొమ్మ గీసుకుంటుంటే గెలా పటాలిష్విలి అనే రైతు ట్రాక్టరు మీద వచ్చి భోజనానికి రమ్మన్నాడట. ఎనిమిది తరాలుగా వైన్ చేస్తున్న ఇల్లు వాళ్లది. ఆ పరిచయమే 2007లో ‘ఫెజంట్స్ టియర్స్’ వైనరీ అయింది.

వర్డమన్‌ని పట్టేసింది ద్రాక్ష ఒక్కటే కాదు, కుండ కూడా. దాని పేరు క్వెవ్రీ. గుడ్డు ఆకారం, కింద కొన, మెడదాకా భూమిలోనే. మన పెద్దలు జొన్నలు పాతరేసినట్టు వాళ్లు ద్రాక్షను పాతరేస్తారు. ర్కట్సితెలి అనే తెల్లద్రాక్షను తొక్కి రసం, తొక్కలు, గింజలు, ముదిరిన కాడలు అన్నీ అందులోకే. ఈస్టు వేయరు, పండుతో వచ్చిందే చాలు. పొంగు మొదలయ్యాక తొక్కలు పైకి తేలి అట్ట కడతాయి. దాన్ని రోజుకు నాలుగైదుసార్లు కర్రతో కిందికి అదమాలి. బద్ధకిస్తే అట్ట ఎండుతుంది, ఇక వెనిగర్ వాసనే. పొంగు చల్లారాక మూతపెట్టి, అంచు చుట్టూ తడిమట్టి మెత్తి, వసంతం దాకా దాని జోలికి పోరు.

ఇక ఆ కొన చేసే పని చూడండి! గింజలు ముందుగా అడుక్కి దిగి ఆ ఇరుకులో కూరుకుపోతాయి. వాటి మీద మడ్డి, తొక్కలు పరుచుకుంటాయి. గింజలోని చేదు అక్కడే ఆగిపోతుంది. ఫిల్టరు చేసే పనిని ఒక ఆకారం చేస్తోంది! ఐదారు నెలలకు తీసిన వైన్ పలచని బెల్లం పానకం రంగులో ఉంటుంది, నాలుక మీద టీ డికాషన్ వగరు. పడమటి ఇమెరెతీ వాళ్లు తొక్కలు కొద్దిగానే వేస్తారు. వాళ్లది సుకుమారం కావచ్చు, నా ఓటు మాత్రం కఖేతీకే.

ఆ కుండ చేసేవాళ్లలో మేటి, వర్దిసుబానీ ఊళ్లోని జాజా క్బిలాష్విలి. తండ్రి రేమీ దగ్గర నేర్చిన విద్య. సారె ఉండదు. మట్టిని చుట్టలుగా చేసి గోడను బెత్తెడు లేపుతాడు, ఆరనిస్తాడు, మళ్లీ బెత్తెడు. మనిషి దిగి నిలబడేంత కుండ లేవడానికి వారాలు పడుతుంది. ఆవంలో దాదాపు వారం కాలాక, వేడి పూర్తిగా చల్లారకముందే లోపల తేనెమైనం పూత పడుతుంది. ఇన్ని వారాలూ చెయ్యి ఒక్కసారి తప్పినా ఆవంలో పగులు ఖాయం.

జార్జియాలో వైన్ వయసు ఎనిమిది వేల ఏళ్లని పాత కుండపెంకులు పరీక్షించినవాళ్లు 2017లో తేల్చారు. క్వెవ్రీ పద్ధతికి 2013లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. సరే. ఇంత విద్యనూ సోవియట్ ఫ్యాక్టరీలు ఏం చేశాయి? ఐదు వందలకు పైగా ద్రాక్షరకాలున్న దేశంలో గుప్పెడు రకాలే చాలన్నాయి. 1985లో గోర్బచోవ్ మద్యవ్యతిరేక ఉద్యమం వచ్చి తోటలకు తోటలే పెరికించింది. వర్డమన్ బృందం పోయినవి పోగా మిగిలినవాటిలో నాలుగు వందలకు పైగా రకాలు వెతికి తెచ్చి నాటింది. నేను దండం పెట్టేది ఈ పనికి.

మరి ఇప్పుడు? స్టీలు ట్యాంకులో నాలుగు రోజులు తొక్కలు నానబెట్టి, సీసా మీద కుండ బొమ్మ అచ్చేసి అమ్మేవాళ్లు తయారయ్యారు. టూరిస్టులకు మట్టి సీసాల్లో చక్కెరనీళ్లలాంటి వైన్ అంటగడుతున్నారు. మట్టి సీసాకూ క్వెవ్రీకీ చుట్టరికమే లేదు! లోపల ఎంత నాసి సరుకున్నా కనబడదన్నదే దాని సుగుణం. ఇలాంటిదే ఒకటి మోజుపడి కొని, సింకులో పారబోసినవాణ్ణి నేను.

వర్డమన్‌ని కలిసినవాళ్లంతా కుంచె ఎందుకు వదిలావనే అడుగుతారు కాబోలు. ఆయన గీయడం మానలేదు కూడా. కుండ ఎవరు చేశారని అడిగేవాళ్లేరీ? సీసా మీద ద్రాక్ష పేరుంటుంది, ఊరి పేరుంటుంది, కుమ్మరి పేరు నాకింతవరకూ కనబడలేదు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు ఒక్క మనవి: సెలవుల్లో సిఘ్నాఘీలో ఫొటోలు దిగాక తెలావీ పట్టణం దాకా వెళ్లండి. వర్దిసుబానీ దాని పక్కనే. ఆవం మండుతుంటే కాసేపు నిలబడి, ఆ కుమ్మరిని పలకరించి రండి.