పంచగవధనుడు, పదకొండు పట్టణాలు

పక్కింటి పదో తరగతి అమ్మాయి నోట్సులో ఈ వారం మళ్లీ అదే వాక్యం చూశాను: మొదటి పదం సంఖ్య అయితే ద్విగువు. నవగ్రహాలు, ముల్లోకాలు, అయిపోయింది. సమాసాల పేర్లు బట్టీ పట్టించడమంటే నాకెంత కోపమో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. పేర్లన్నీ తీసేసి పిల్లలకు మాటలే చూపించమని రాద్దామని కూర్చున్నాను.

రాస్తుంటే ఫ్రిసియన్ భాష గుర్తొచ్చింది. నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ వాళ్లది. చలికి అక్కడి కాలువలు గట్టిగా గడ్డకడితే పదకొండు పట్టణాలను చుట్టొచ్చే స్కేటింగ్ పందెం పెడతారు. లేవార్డెన్‌లో బయల్దేరి స్నేక్, స్టావోరెన్, డొక్కుమ్ మీదుగా మళ్లీ అక్కడికే, దాదాపు 200 కిలోమీటర్లు. మంచు 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. 1909 నుంచి 15 సార్లే కుదిరింది. 1963లో గాలికీ చలికీ తట్టుకోలేక, బయల్దేరినవాళ్లలో నూటికి ఇద్దరైనా గమ్యం చేరలేదు. 1997 జనవరి 4 తర్వాత పందెమే జరగలేదు.

దాని పేరు అల్వెస్టేడెటొఖ్త్. అల్వె పదకొండు, స్టేడ్ పట్టణం, టొఖ్త్ యాత్ర. వట్టి పదకొండు పట్టణాలంటే అల్వె, స్టేడెన్ విడివిడిగానే ఉంటాయి. వెనక టొఖ్త్ చేరగానే ఒకటైపోతాయి, స్టేడెన్ చివరి నకారం రాలిపోతుంది.

ఇలాంటి షరతే సంస్కృత వ్యాకరణంలోనూ ఉంది. పాణిని సంఖ్యను ప్రతి నామంతోనూ సమసించనివ్వలేదు. అది ఒక పేరైనా కావాలి, అన్నీ కలిసి ఒక సమూహమైనా కావాలి, తద్ధితార్థమైనా, అంటే నామానికి చేరే ప్రత్యయం ఇచ్చే అర్థమైనా, ఉండాలి, లేదా వెనక ఇంకో పదం రావాలి. ఐదు ఆవులే ధనంగా గలవాడు పంచగవధనుడు. వెనక ధనం ఉంది కనుకే ఐదూ ఆవూ అతుక్కున్నాయి. అల్వెస్టేడెటొఖ్త్‌లో జరిగింది అచ్చంగా అదే! సంస్కృతం కోసం రాసిన షరతు ఫ్రీస్‌లాండ్ మాటను విప్పి చూపిస్తుంటే, ఆ షరతునే మన పిల్లలకు చెప్పకుండా దాటేస్తున్నాం.

కాబట్టి పేర్లు తీసెయ్యమని ఇక అడగను. నిర్వచనం పూర్తిగా చెప్పమంటాను. పదో తరగతికి అదేమీ బరువు కాదు.

నిర్వచనం సగమే చెబితే ఏమవుతుందో కూడా ఫ్రిసియన్ మాటలే చూపిస్తాయి. అందులో త్రిభుజాన్ని ట్రెయెహుక్ అంటారు, విడదీస్తే మూడు, మూల. ఫ్యౌవర్‌కాంట్ అంటే చతురస్రం, విడదీస్తే నాలుగు, పక్క. మూలా పక్కా ఏకవచనంలోనే ఉన్నాయి, మన ముక్కంటిలో కన్ను ఉన్నట్టే. ఆ మాట మూడు కళ్లను లెక్కపెట్టడం లేదు, మూడు కళ్లున్న శివుణ్ణి చెబుతోంది. సంఖ్య ముందున్నా అది బహువ్రీహి. నోట్సులోని వాక్యాన్ని నమ్ముకుని ద్విగువని రాస్తే ఆ అమ్మాయికి మార్కు పోతుంది.