విశ్వాసం ఎవరి పట్ల? జాషువాను వెలివాడ నుంచి చదవడం

జాషువా గురించి మన సభల్లో మాట్లాడినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది. "కవిగా గొప్పవాడే గానీ దేవుణ్ణి వదల్లేకపోయాడు" అని. వామపక్ష మిత్రులు ఈ మాట జాలిగా అంటారు. హేతువాదులు కోపంగా అంటారు. చర్చి పెద్దలు దీన్నే తిరగేసి, "పుట్టింది క్రైస్తవుల ఇంట్లోనే, సాక్ష్యమే సరిగా లేదు, మొర పోయి శివుడికి పెట్టుకున్నాడు" అంటారు. వీళ్లందరికంటే హాయిగా ఉన్నవాడు అగ్రవర్ణ విమర్శకుడు. ఆయనకు జాషువాలో కనిపించేదంతా కరుణరసం. నిష్ఠూరం లేదట, ద్వేషం లేదట, ఎంత సౌమ్యుడో అని మెచ్చుకుంటాడు.

వీళ్లెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. దళిత క్రైస్తవుడు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటున్నప్పుడు, అదే నోటితో ఎవరికి చెప్పడం మానేస్తున్నాడు? దేవుడి మీద ఆధారపడ్డానన్నప్పుడు, ఎవరి మీద ఆధారపడనంటున్నాడు?

మాది ఖమ్మం జిల్లా పెనుబల్లి. ఒక దిక్కు లంకాసాగర్ కింద వరి మడులు, ఇంకో దిక్కు మామిడి తోటలు, వాటి వెనక అడవి. అడవి దాటితే కొత్తగూడెం, భద్రాచలం. మాదిగవాడలో పుట్టాను. మా అయ్య పటేలు దగ్గర జీతమున్నాడు. అమ్మ మిరపకోతకీ నాట్లకీ కూలికి పోయేది. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. మా ఇంటిపేరు మీద డిగ్రీ కాగితం వచ్చింది నాతోనే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కృతజ్ఞత అనే పుస్తకాల మాటను మేం పుస్తకాల్లో నేర్చుకోలేదు. వాడలో దానికి వేరే పేరుంది. విశ్వాసం.

ఆ మాటకు మా ఊళ్లో రెండర్థాలు. పటేలు వాకిట్లో అదొక అర్థం. పండగపూట ఒక రోజు పనికి రాకపోతే, కూలి పెంచమని అడిగితే, "మా ఉప్పు తిని పెరిగిన్రు, కుక్కకున్న విశ్వాసం లేదురా మీకు" అనేవాళ్లు. రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించుకున్న గింజలు కూడా వాళ్లు పెట్టినట్టే లెక్క. ఆ లెక్కలో మేం ఎప్పటికీ బాకీదారులమే. అదే మాట వాడ చివర గుడిసె చర్చిలోకి వచ్చేసరికి అర్థం మారిపోయింది. అక్కడ మా అమ్మ "విశ్వాసి". కుక్కతో పోల్చి అడిగిన విశ్వాసాన్ని తీసుకుపోయి, ఎన్నడూ కూలి ఎగ్గొట్టని ఒకాయన పాదాల దగ్గర పెట్టింది. పటేలుకు దాంట్లోంచి ఏమీ మిగల్లేదు.

దణ్ణం సంగతీ అంతే. "దణ్ణం దొరా" అనాలంటే నడుం వంగాలి, తలగుడ్డ చంకలోకి పోవాలి, చెప్పులు చేతిలోకి రావాలి. ఆదివారం పొద్దున చర్చి ముందు "వందనాలమ్మా", "వందనాలన్నా" అనుకోవడానికి నిటారుగా నిలబడితే చాలు. వందనం, స్తోత్రం, స్తుతి, కృప ఇవన్నీ సంస్కృతం మాటలే. మా తాతలు వింటే తప్పన్న మాటల్ని మా ఆడవాళ్లు ఇవాళ పొయ్యి ముందు కూచుని వాడుకుంటున్నారు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు అక్షరం రాని మా అమ్మకు నోటికి వచ్చు. దీన్ని మత్తుమందు అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు ఒకసారి మా వాడకు వచ్చి, ఆ రెండు నమస్కారాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ ప్రాంతంలో క్రైస్తవం కొత్తగా వచ్చిందేమీ కాదు. గోదావరి ఒడ్డున దుమ్మగూడెంలో 1860ల నుంచే మిషన్ ఉంది. ఆ తర్వాత దోర్నకల్ వచ్చింది. 1912లో వి.ఎస్. అజరయ్య అక్కడ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. 1945లో చనిపోయేదాకా ఆయన వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఆయన ఈ బీదజనాన్ని ఊరికే పుచ్చుకునేవాళ్లుగా ఉండనివ్వలేదు, ఇచ్చేవాళ్లను చేశాడు. పిడికెడు బియ్యం అలవాటు ఆ డయాసిస్‌లో పేరుపొందింది. అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేయాలి. కూలికి పోయిన ఇంట్లో పిడికెడు బియ్యమంటే ఒకరి కడుపులో కాస్త కాలిపోవడమే. పేదల నోటి దగ్గర తీసుకున్నారని దీన్ని తిట్టేవాళ్లున్నారు. నేనూ కొంత ఒప్పుకుంటాను. కానీ తరతరాలుగా అడుక్కునేవాళ్లని పేరుబడ్డ చేతికి, ఇచ్చే చెయ్యిగా మారడం ఎంత మర్యాదో బయటివాళ్లకు తెలీదు.

ఇప్పుడు జాషువా దగ్గరికి వద్దాం. 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రిది యాదవ కులం, తల్లి మాదిగ. మిషన్ బడిలో పంతులు పని చేశాడు, ఆ ఉద్యోగం పోయింది. రాజమండ్రిలో మాటల్లేని సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పాడు. గుంటూరులో లూథరన్ వాళ్ల ట్రైనింగు స్కూల్లో పదేళ్లు పనిచేశాడు. పురాణాలు చదువుతున్నాడని ఇటు క్రైస్తవ పెద్దలకు కోపం. సభలో పద్యం చదివితే కులం తక్కువవాణ్ణి ఎవరు రానిచ్చారని అటు సవర్ణులకు కోపం. ఏ గుమ్మం ముందైనా ఆయన చెప్పులు బయటే. ఇలాంటి మనిషికి కృతజ్ఞత చెప్పుకోవడానికి మనుషుల్లో ఎంతమంది దొరుకుతారు? దొరికినవాళ్లను ఆయన మరవలేదు. కాళిదాసు కావ్యాలు చదవడానికి సాయపడిన జూపూడి హనుమచ్ఛాస్త్రి పేరు ఆయన జీవితం చెప్పుకునే ప్రతిచోటా వస్తుంది. మేలు చేసినవాణ్ణి తలుచుకోవడం వేరు, వాడి వాకిట్లో కట్టుబడి ఉండడం వేరు. ఈ తేడా తెలిసిన కవి గనకే 1932లో 'ఫిరదౌసి' రాశాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను, ముప్పై ఏళ్ల కష్టం తర్వాత వెండి పంపిస్తాడు. ఆ కథను ఎక్కడో పారశీకం నుంచి జాషువా ఎందుకు ఎత్తుకున్నాడో నాకు పరిశోధకులు చెప్పనక్కర్లేదు. బస్తా వడ్లు అని ఒప్పుకుని, కళ్లం దగ్గర తాలు కొలిచే పటేలు ప్రతి ఊళ్లో ఉన్నాడు. ఎదుటివాడి మాటను నమ్ముకుని బతికేవాడి కథ అది. అది మా అయ్య కథ కూడా.

1941లో 'గబ్బిలం'. గుళ్లోకి పోలేని అస్పృశ్యుడు, పోగలిగిన గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి శివుడికెందుకు పంపాడు, క్రీస్తుకెందుకు పంపలేదు? చర్చి పెద్దలకు ఇక్కడే గొంతులో ముల్లు గుచ్చుకుంది. నాకైతే ఇందులో చిక్కేమీ కనపడదు. నోటీసు ముద్దాయికే పంపుతారు. తలుపు మూసుకున్నది ఎవరి గుడో, జవాబు చెప్పాల్సింది ఆయనే. క్రీస్తు ఈ కేసులో ముద్దాయి కాడు. మా పెనుబల్లి అడవిలో నీలాద్రీశ్వరుడి గుడి ఉంది. శివరాత్రికి జాతర. ఆ జాతర గురించి చెప్పేటప్పుడు మా వాడ ముసలోళ్ల గొంతులో వినిపించేది భక్తి కాదు, కోపం కాదు, లోపల ఏముందో అనే ఉబలాటం. 'గబ్బిలం' చదివిన రోజు నాకు కాశీ కనబడలేదు, నీలాద్రి కనబడింది.

ఇంకో మాట. మా జిల్లా నేలకొండపల్లి వాడే కంచర్ల గోపన్న, భద్రాచల రామదాసు. సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ జైల్లో పడి, చేయించిన నగలకు రాముణ్ణి లెక్కలడిగాడు, తిట్టాడు. దాన్ని భక్తి అన్నారు. నిందాస్తుతి అని దానికో అందమైన పేరు కూడా పెట్టారు. మూడు వందల ఏళ్లుగా పాడుకుంటున్నారు. అదే పని జాషువా చేస్తే కులబాధ అన్నారు, కరుణరసం అన్నారు. రామదాసు ఇచ్చి అడిగాడు. గబ్బిలంలోని మనిషికి ఇచ్చే హక్కు కూడా లేదు. వాడు పిడికెడు బియ్యం తెచ్చినా గుమ్మం బయటే పారబోయించేవాళ్లు. నమ్మకం పూర్తిగా పోయినవాడు మొర పెట్టుకోడు, లేచి వెళ్లిపోతాడు. జాషువా ఇంకా నిలబడి అడుగుతున్నాడంటే అందులో ఆధారపడడం ఉంది, ఆ మాట నిజమే. ఆధారపడుతూనే నిలదీయడం ఆయన పద్ధతి. మా అమ్మ పద్ధతీ అదే. పంట మునిగిన ఏడు ఆమె చేసిన ప్రార్థన వింటే పాస్టరయ్యగారే భయపడ్డారు.

'క్రీస్తు చరిత్ర' మాత్రం నన్ను అంతగా కదిలించలేదు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ఈ కావ్యానికే. ధార మంచిదే, ఎక్కడా కుంటుపడదు. కానీ గబ్బిలంలో గుండె మీద తన్నిన పద్యం ఇక్కడ కాళ్లు కడుక్కుని, తల దువ్వుకుని లోపలికి వచ్చినట్టుంది. ఫిర్యాదులో స్వేచ్ఛగా ఉన్న కవి కృతజ్ఞతలో జాగ్రత్తపడ్డాడు. ఒకటి మాత్రం అర్థం చేసుకోగలను. పద్యం నీది కాదు పొమ్మన్న లోకంలో, కష్టపడి సంపాదించుకున్న ఆ పద్యాన్నే తీసుకెళ్లి తన దేవుడి ముందు పెట్టాడు. ఆయన ఇంట్లో ఉన్న మేలురకం బియ్యం అదే. అయితే ఆ బియ్యం మా అమ్మకు ఉడకదు. పది పద్యాలు చదివి వినిపిస్తే "ఎవరి కథ బిడ్డా?" అనడిగింది. తనకు బాగా తెలిసిన కథే.

ఆయన కూతురు హేమలత నాస్తికుడు గోరా కొడుకు లవణంను పెళ్లాడింది. తండ్రి దేవుణ్ణి వదల్లేదని నొచ్చుకునేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకుంటే మంచిది.

ఇంతవరకూ చెప్పింది వింటే దళితుడి కృతజ్ఞత అంతా విముక్తే అని నేనంటున్నట్టు అనిపించొచ్చు. కాదు. నేను ఆరో తరగతి నుంచి ఒక క్రైస్తవ హాస్టల్లో చదివాను. పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. అన్నం పెట్టారు, చదువు చెప్పారు. ఏటా క్రిస్మస్‌కు ముందు, మా ఖర్చు భరించే విదేశీ దాతలకు ఉత్తరం రాయాలి. వార్డెన్ సారు బోర్డు మీద ఇంగ్లీషులో రాసేవాడు. మేం అరవై మందిమీ చూసి రాసేవాళ్లం. నేను బాగున్నాను, బాగా చదువుతున్నాను, మీ మేలు మరువను, దేవుడు మిమ్మల్ని దీవించును గాక. కింద ఒక పువ్వు బొమ్మ. నా గురించి నేను రాసిన మొదటి రాత అది. నా మొదటి ఆత్మకథ అనుకోండి. అందులో మా అయ్య జీతం లేదు, పుండు పడ్డ అమ్మ చేతులు లేవు, డప్పు లేదు, పటేలు లేడు. ఒకసారి నేను సొంతంగా రెండు వాక్యాలు కలిపాను, సెలవులకు ఇంటికి పోతే తినడానికి లేదని. వార్డెన్ కాగితం చింపి మళ్లీ రాయించాడు. దాతలు బాధపడతారట. ఆ ఉత్తరంలో దేవుడి పేరుంది గానీ విశ్వాసం మాత్రం పటేలు వాకిట్లోదే.

మన దళిత ఆత్మకథల గురించి రాసే విమర్శకులు ఈ ఉత్తరాలను లెక్కలోకి తీసుకోలేదు. చర్చి సాక్ష్యాలనూ తీసుకోలేదు. "నేను తాగుబోతుని, ప్రభువు మార్చాడు" అని జనం ముందు నిలబడి చెప్పిన మాదిగ, మాల మనుషులు ఎంతమందో! "నేను" అనే మాటను నలుగురిలో గొంతెత్తి పలకడం వాళ్లకు అదే మొదటిసారి. ఆ సాక్ష్యంలో వ్యక్తి పాపం ఉంటుంది, ఊరి పాపం ఉండదు. అదే దాని లోపం. ఆ లోపాన్ని పూడ్చినవాడు కల్యాణరావు. 2000లో వచ్చిన 'అంటరాని వసంతం'లో క్రైస్తవంలోకి పోయినవాళ్ల కృతజ్ఞతా ఉంది, క్రైస్తవం లోపల దూరిన కులమూ ఉంది. ఆయన దారి చివరికి ఉద్యమంలోకి పోతుంది. ప్రతివాడ దారీ అటే పోతుందని నేననను.

ఇక కాగితాల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలు బీసీ-సి, ఒక్క శాతం. నా సర్టిఫికెట్ అదే. ఈ వ్యాసం నా పేరుతో రాయగలుగుతున్నది అందుకే. నా దోస్తులు కొందరికి ఆ వీలు లేదు. వాళ్లకు రెండు పేర్లు, బడిలో ఒకటి, చర్చిలో ఒకటి. జబ్బు తగ్గితే కృతజ్ఞత కూడిక పెట్టుకోవడానికి కూడా భయం, ఎవరైనా ఫొటో తీసి తహశీల్దారుకు పంపుతారని. పటేలుకు చెప్పను అని దేవుడికి చెప్పుకున్న స్తోత్రాన్ని, సర్కారుకు భయపడి గొంతులోనే మింగుతున్నారు.

మా మండలంలో కథలు రాసే పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, చూడమని నా దగ్గరికి తెస్తారు. వాళ్ల కథల్లో ఆకలుంది, కులముంది, కోపముంది. ప్రార్థన ఒక్కటే లేదు. ఒకమ్మాయి కథలో తల్లి చాటలో బియ్యం పోసుకుని, రాళ్లేరి, ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేస్తుంది. ఎందుకు వేసిందో కథలో ఎక్కడా లేదు. ఎందుకు రాయలేదని అడిగాను.

"రాస్తే మా సర్టిఫికెట్ పోతది సార్" అంది.