నొక్కిన మీట, విడిచిన మీట

చేతిఫోనులో మీట నొక్కగానే తెరపై బొమ్మ కదలును. చూచువారికి ఇది ఒక్క క్రియ. ప్రోగ్రాము వ్రాయువారికి మాత్రము రెండు: నొక్కుట, విడుచుట. ఈ రెంటిని తెలుపుటకు జావా ఫోనుల కొరకు ఏర్పడిన ఎం.ఐ.డి.పి. అను ప్రమాణము ఎంతవరకు కృతార్థమైనదో పరిశీలింపదగియున్నది.

2000లో వెలువడిన మొదటి ప్రమాణము మూడు పద్ధతులను ఇచ్చెను. మీట నొక్కినప్పుడు కీప్రెస్డ్, విడిచినప్పుడు కీరిలీజ్డ్ పిలువబడును. నొక్కిపట్టినచో, సౌకర్యమున్న ఫోనులలో, కీరిపీటెడ్ మాటిమాటికి పిలువబడును. ఇది ద్వారపాలకుని తీరు. ఎవరు వచ్చినను, పోయినను అతడు వార్త చెప్పును. లోపల ఎవరున్నారను లెక్క యజమానిదే. అంకెల మీటలకు స్థిరమైన సంకేతములను ఇచ్చుట మెచ్చదగినది. సున్న మీట సంకేతము అన్ని ఫోనులలోను 48. కాని తెరకు దిగువనుండు మీటలకు అట్టి నియమము లేకపోవుటచే ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క సంఖ్యను వాడెను.

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి గలదు. మీట నొక్కియుండగా ఎవరైన ఫోను చేసినచో ఆట తెర మరుగగును. అప్పుడు వ్రేలెత్తినను విడుపు వార్త ప్రోగ్రామునకు చేరకపోవచ్చును. ఆట తిరిగి కనబడునప్పటికి బొమ్మ తనంతట తానే పరుగిడుచుండును! తెర మరుగగునప్పుడు పిలువబడు హైడ్‌నోటిఫై పద్ధతిలో లెక్కనంతయు సున్న చేయుటయే దీనికి మందు.

2002లో వచ్చిన రెండవ ప్రమాణము గెట్‌కీస్టేట్స్ అను వేరు మార్గము చూపెను. ఇందు ప్రోగ్రామే అడుగును. ఆటమీటల స్థితి ఒకే సంఖ్యలోని బిట్లుగా లభించును. మీట ఇప్పుడు నొక్కబడియున్నను, క్రిందటిసారి అడిగిన తరువాత ఒక్కసారి నొక్కబడినను ఆ బిట్టు 1 అగును. తెర తిరిగి కనబడునప్పుడు అన్ని బిట్లును 0తో మొదలగును. కనుక పై చిక్కు తీరినది. క్షణికమైన నొక్కుడును తప్పిపోదు.

అయితే దీనికి మూల్యము లేకపోలేదు. ప్రోగ్రాము 100 మిల్లీసెకనుల కొకసారి అడుగుచున్నదనుకొందము. 20వ మిల్లీసెకనున నొక్కి 50వ దానిలో విడిచినను, 100వ దానిలో “నొక్కబడినది” అనియే సమాధానము. ఆ వ్యవధిలో రెండుసార్లు నొక్కినను ఒకటిగనే తోచును. ఆటకు ఇది చాలును. కాలమును కొలుచు ప్రయోగమునకు మాత్రము ఇది తగదు. అచ్చట వార్తల తీరే మేలు.

మరియు, ఏ ప్రమాణమైనను యంత్రమును దాటిపోజాలదు. 12 మీటలను 4 అడ్డు, 3 నిలువు వరుసలుగ అమర్చినచో 7 తీగెలే చాలును. డయోడులు లేని అట్టి అల్లికలో దీర్ఘచతురస్రపు మూడు మూలలనున్న మీటలను ఒకేసారి నొక్కినచో నాల్గవది కూడ నొక్కబడినట్లు భ్రమ కలుగును. కొన్ని ఫోనులు పలు మీటలను ఒకేసారి గుర్తింపలేకపోవచ్చునని ప్రమాణమే ఒప్పుకొనుట ప్రశంసనీయము.

ఆ ఫోనులు నేడు చాలవరకు మరుగైనవి. అయినను ఆండ్రాయిడ్ ఫోనులోని ధ్వని మీటలకు సహితము నొక్కుడు, విడుపు వార్తలు వేరువేరుగనే అందుచున్నవి. వార్త వేరు, స్థితి వేరు. ఈ భేదమును గ్రహించిన విద్యార్థి ఏ పరికరమునకైనను సరియైన ప్రోగ్రాము వ్రాయగలడు.