తోట కింది పంట

మామిడితోట ఎలా ఉందో చూడమంటే చాలామంది తల పైకెత్తి పిందెలు లెక్కపెడతారు. నా చూపు ముందు నేల మీదికే పోతుంది. హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఎర్రచెల్కల్లో మామిడి, జామ తోటలు తిరిగి తిరిగి అబ్బిన అలవాటిది. సాళ్ల మధ్య నేలను దుమ్ము లేచేదాకా దున్ని పెట్టారంటే ఆ రైతు చెట్టును మాత్రమే సాకుతున్నాడు. అదే నడుమెత్తు జనుము పూతకొస్తూ, దాని నీడన బొబ్బర తీగ అల్లుకుని, వేలు పెట్టి వెతికితే గాని మట్టి కనిపించకపోతే, అక్కడ పనిమంతుడు ఉన్నాడు. అలాంటి తోట గట్టు మీద ఎంతసేపు నిలబడ్డా నాకు తనివి తీరదు.

తోటల్లో నేలను కప్పడానికే పంట వేయడం కొత్తేమీ కాదు. మన పెద్దలు చెట్ల మధ్య ఉలవలో అనుములో చల్లేవాళ్లని ప్రతి ఊళ్లోనూ చెబుతారు. ఆ తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, యూరియా వచ్చింది, ఈ పంట మరుగున పడింది. చరిత్ర అంతవరకు చాలు. అసలు చెప్పాల్సింది పనితనం గురించి.

విత్తనం రోహిణి కార్తె ఎండల్లోనే సిద్ధం కావాలి. ఒక్క జనుమే చల్లి చేతులు దులుపుకునేవాడు సగం పనివాడు. జనుము, బొబ్బర్లు, పెసలు, పిల్లిపెసర నత్రజని కోసం. సజ్జ, జొన్న వాటి పీచువేళ్ల కోసం. వాన దెబ్బకు ఎర్రమట్టి జారకుండా పట్టి ఉంచేది ఆ పీచువేళ్లే. అన్నీ కలిపి ఎకరాకు 10–12 కిలోలైతే సరిపోతాయి. గింజలకు బంకమన్ను, బూడిద, జీవామృతం పట్టించి నీడన ఆరబెట్టి, పొడి నేల మీదే చల్లుతారు. మట్టి పూత వల్ల చీమలు ఎత్తుకుపోవు, చిరుజల్లుకు తొందరపడి మొలవవు, గట్టి వాన పడేదాకా కాచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఈ పద్ధతిని నవధాన్యాల సాగు పేరుతో ఊరూరా నేర్పింది. ఏడాదిలో 365 రోజులూ నేల పచ్చగా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. అనంతపురంలాంటి వాన ఎరుగని సీమలోనూ దాన్ని చేసి చూపించారు. 2024లో గుల్బెంకియన్ బహుమతి ఆ రైతుల ఉద్యమానికి దక్కినప్పుడు నా సొంతవాళ్లకు వచ్చినంత సంబరపడ్డాను.

ఇక కోత. పనివాడి నేర్పంతా ఇక్కడే తేలుతుంది. జనుము 45–50 రోజులకు పూత మొదలుపెడుతుంది. కోతకు అదే అదను. ముందే కోస్తే రొట్ట చాలదు. ఆలస్యం చేస్తే కాడ నారకడుతుంది, అది కుళ్లడానికి నెలలు పడుతుంది, పైగా గింజ రాలి మరుసటి ఏడు మనం అడగనిచోట మొలుస్తుంది. కోసే ముందు ఒక మొక్కను వేరుతో పీకి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబి రంగుంటే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టే పనిలో ఉన్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే వచ్చే ఏడు విత్తనానికి రైజోబియం పట్టించాలి. కోసిన రొట్టను చెట్ల పాదుల్లో మందంగా పరుస్తారు, మొదలుకు అంటకుండా జానెడు ఎడం వదులుతారు. రోటవేటర్‌ను తోటలోకి రానివ్వరు. మామిడి, జామల తిండివేళ్లు చాలావరకు పైపొరలోనే తిరుగుతాయి, వాటిని తెగ్గొట్టి చెట్టుకు మేలు చేశామనుకోవడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు. మూడేళ్లు నిండని మొక్కల దగ్గర మాత్రం తీగజాతి వద్దు. అది మొక్కను చుట్టేస్తుంది, నీటికీ పోటీ పడుతుంది.

ఉత్తర కార్తెకు రెండో విడత వేస్తారు, అది ఉలవ. ఉలవ అంటే నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. మామిడికి పూతకు ముందు బెట్ట కావాలి కాబట్టి వానాకాలం దాటాక తోటకు నీళ్లు కట్టరు. ఆ బెట్టలో ఇంకేదీ నిలవని చోట ఉలవ నేలను పట్టుకుని ఉంటుంది. మంచు తాగి బతుకుతుందని రైతులంటారు. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, అందరూ క్రీడా అని పిలిచేది, హయత్‌నగర్ పొలంలో అచ్చం మన చేవెళ్లలాంటి ఎర్రనేల మీద పదేళ్లపాటు ఈ పని చేసింది. అసలు పంట కోశాక పడే వానలతోనే ఉలవ పెంచి, నేలలో కలిపేసి, తర్వాత జొన్న, పొద్దుతిరుగుడు వేశారు. ఖాళీగా వదిలిన మడుల కంటే ఈ మడుల్లో సేంద్రియ కర్బనం పెరిగింది, సూక్ష్మజీవులు పెరిగాయి, గింజ దిగుబడీ పెరిగింది. 2007లో అచ్చయిన ఆ ఫలితాలు నగరానికి అటు చివర ఉన్నాయి, మన తోటలు ఇటు చివర. ఇన్నేళ్లయినా అవి ఈ గట్టు దాకా రాకపోవడం నా కడుపుమంట.

ఈ విద్యలో ఆరితేరినవాళ్లను తలుచుకోవాలంటే ముందు జపాన్ వెళ్లాలి. షికోకు దీవిలో మసనోబు ఫుకువోకా బిగుసుకుపోయిన ఎర్రబంకమట్టి కొండ మీద నారింజతోట పెంచాడు. దున్నలేదు, రసాయనం వేయలేదు, చెట్ల కింద తెల్ల క్లోవర్ చల్లి, మధ్యమధ్య ముల్లంగి, కూరగాయల గింజలు విసిరాడు. మట్టి గుల్లబారి నల్లబడింది. 1988లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మన పక్కనే జహీరాబాద్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలున్నారు. వాళ్లవి తోటలు కావు, చెల్కలు. కానీ ఎకరంలో ఇరవై రకాలు కలిపి విత్తే ఆ చేతివాటం ముందు ఏ డిగ్రీ అయినా దిగదుడుపే. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది.

స్పెయిన్ సంగతీ చెప్పాలి. అందలూసియాలో హేన్, కోర్దోబా కొండవాలుల మీద ఆలివ్ తోటలు కనుచూపుమేర ఉంటాయి. చెట్ల మధ్య గడ్డిపోచ లేకుండా దున్నడమే మంచి సేద్యమని అక్కడివాళ్లూ తరాలపాటు నమ్మారు. మట్టి వానకు కొట్టుకుపోయింది. ఇప్పుడు శీతాకాలపు వానలకు సాళ్ల మధ్య పచ్చికను పెరగనిచ్చి, వసంతంలో చెట్టుతో నీటికి పోటీ మొదలవకముందే కోస్తున్నారు. కత్తిరించిన కొమ్మలను ముక్కలు చేసి నేల మీదే పరుస్తున్నారు. అక్కడ వాన చలికాలంలో, మనకు ఎండాకాలం వెనకనే, అందుకే పంచాంగం వేరు, పని ఒక్కటే. 2023 నుంచి ఇలా నేలను కప్పి ఉంచే రైతుకు అక్కడ ప్రభుత్వ సాయం విడిగా అందుతోంది.

మన దగ్గర ఏం జరుగుతోంది? చేవెళ్ల, మొయినాబాద్‌ల వాననీరు మూసీ, ఈసీల మీదుగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లలో కలుస్తుంది. 1908లో మూసీ వరద నగరానికి చేసిన గాయం తర్వాత కట్టుకున్న చెరువులవి. వాటిని కాపాడడానికే 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 111 జీవో వచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022 ఏప్రిల్‌లో 69వ జీవో వెలువడింది. ఇక్కడి రచ్చబండ మీద ఇప్పుడు గజం ధర తప్ప గజం లోతు మట్టి గురించి మాట్లాడేవాడు లేడు. పాత మామిడితోటలు ఫాంహౌస్‌లయ్యాయి. చెట్లను ఉంచారు, నేలను చంపారు. మామిడి కింద కొరియన్ గడ్డి పరిచి, బోరు నీటితో దాన్ని రోజూ తడుపుతారు. పూతకు ముందు ఎండాల్సిన చెట్టు బురదలో నిలబడుతుంది. ఆకే వేస్తుంది, పూయదు. దాన్ని పచ్చదనం అంటారు. అది పచ్చరంగు మాత్రమే, దాని వేళ్లలో నత్రజని బుడిపె ఒక్కటి ఉండదు. లాన్ వద్దనుకున్నవాళ్లు గడ్డిమందు కొడతారు. గ్లైఫోసేట్ అనే ఆ మందు వాడకాన్ని కేంద్రం 2022 అక్టోబరులో తెగుళ్ల నియంత్రణ ఆపరేటర్లకే పరిమితం చేసినా డబ్బాలు గట్ల మీద దొర్లుతూనే ఉన్నాయి. మందు కొట్టి బోసి చేసిన నేలలో ముందుగా దిగేది వయ్యారిభామ కలుపే. ఇంకొందరు ప్లాస్టిక్ షీటు పరిచి నేలను కప్పామంటారు. రెండేళ్లకది పీలికలై మట్టిలో కలుస్తుంది, ఏ వానపామూ దాన్ని తినలేదు.

రాయితీ మీద వచ్చే పచ్చిరొట్ట విత్తనంలోనూ నాకొక తగువుంది. జీలుగ వరిమడికి రాణి, చౌడును, నీటి నిలువను ఓర్చుకుంటుంది. చెల్కలోని తోటకు కావలసింది జనుము, బొబ్బర, ఉలవ. ఉద్యానశాఖ రోహిణికి ముందు మిశ్రమ విత్తన సంచి, ఉత్తరకు ముందు ఉలవ సంచి చేవెళ్ల, మొయినాబాద్ తోటల గడపకు చేర్చాలి. చెరువుల్లోకి మట్టి పోకుండా ఆపుతున్న రైతుకు, ఆ నీళ్లు తాగే నగరం ఎకరాకింతని ఇవ్వాలి. ఫాంహౌస్ యజమానులను అడిగేది ఇంకా చిన్నది. ఈ మిరుగానికి రెండు సాళ్ల మధ్య లాన్ తీసేసి జనుము చల్లించండి, పూతకు రాగానే కోయించి పాదుల్లో వేయించండి. కోసే నేర్పున్న కూలీలు మీ ఊళ్లోనే ఉన్నారు, వాళ్లకు తోటమాలి జీతం కాదు, పనిమంతుడి కూలి ఇవ్వండి.