పూత చెడిన గడ్డికి పేరు

శామీర్‌పేట చెరువు కట్ట దిగువను గరిక దట్టముగా అల్లుకొన్న తావులలో, వానకాలపు చివర వంగి చూచినచో, వ్రేళ్ళవలె విచ్చుకొనవలసిన కంకులు నల్లని పొడిగా మారి తాకినంతనే చేతికి మసి నంటించుట అప్పుడప్పుడు కానవచ్చును. ఇది ఉస్టిలాగో సైనోడాంటిస్ అను కాటుక శిలీంధ్రము. గరికనే ఆశ్రయించి బ్రదుకును గాని, ప్రక్కనే ఒరసికొని పెరుగు ఊదపైకి పోదు. శిలీంధ్రశాస్త్రజ్ఞుడు కాల్మన్ వాంకీ 2012లో వెలువరించిన బృహద్గ్రంథమున ఇట్టి కాటుక జాతులు 1600కు పైబడి వర్ణింపబడినవి. వానిలో పెక్కింటికి తృణకుటుంబమే నెలవు. మన దేశపు జాతులను ముంద్కూర్, తిరుమలాచార్ పండితులు 1952లోనే ఒకచోట కూర్చిరి.

ఒక్క జొన్ననే నాలుగు కాటుకలు పట్టును. గింజకాటుక విత్తనము నంటివచ్చి, మొలకలో జొరబడి, కంకి వెలువడువరకు మొవ్వులో అడగియుండును. విత్తనమునకు గంధకపు పొడి పట్టించుట దీనికి విరుగుడు. వదులు కాటుక సోకిన మొక్క గిడసబారి ముందుగానే కంకి వేయును. పొడవు కాటుక గాలివెంట పూతను చేరి, అక్కడక్కడ కొన్ని గింజలను మాత్రమే గొట్టములుగా సాగదీయును. తలకాటుక నేలనుండి వచ్చి కంకినంతటిని మ్రింగును. ఈ తలకాటుకయే నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినది: జొన్నపై నున్నదియు మొక్కజొన్నపై నున్నదియు సూక్ష్మదర్శినిలో ఒక్కతీరుగానే తోచును; అయినను జొన్నదానిని తెచ్చి మొక్కజొన్న కంటించినచో, లోన జొరబడి పెరుగునే గాని కంకిలో సిద్ధబీజములను కట్టజాలదు. ఆతిథేయి యేదో తెలియనిదే అట్టిదానిని ఏ రూపమని చెప్పగలము?

కాటుకలను గుర్తించు విద్యలోని కష్టమంతయు ఇచ్చటనే యున్నది. గడ్డిని గుర్తించుటకు పూత ముఖ్యాధారము. ఈ తెగులు హరించునదియు పూతనే. అందువలన నల్లబడిన కంకిని మాత్రమే త్రుంచి తెచ్చిన విద్యార్థిని నేను మరల పొలమునకు పంపుదును. గరికలో శిలీంధ్రము పాకుతీగవెంట వ్యాపించును గనుక, ఆ తీగ సాగినంత మేర పూత చెడియుండును. మంచి పూత కొరకు గుంపు అంచుదాక నడువవలెను. అదియు దొరకనినాడు, ఆకును తొడుగును కలియుచోట నుండు సన్నని నూగును కటకముతో పరీక్షించి పోల్చుకొనవలెను. మేడ్చల్ చుట్టునున్న బీళ్ళు ప్లాట్లగుచున్నవి. గడ్డి పోయినచోట దానినే నమ్ముకొన్న శిలీంధ్రమును పోవును గనుక, నమూనాలు సేకరించు పని తడయరాదు. సోకిన మొక్కను, సోకనిదానిని వేళ్ళతో పెకలించి, చోటును తేదీని వ్రాసి, వేర్వేరు కాగితములలో అదిమి యుంచవలెను. ఒకదాని పొడి వేరొకదాని కంటినచో ఆ నమూనా పరీక్షకు పనికిరాదు.