నడకను నుదుటి దగ్గర చదివిన పనితనం

ఎమ్మారై తీయాలంటే మనిషి కదలకుండా పడుకోవాలి. తల కాస్త కదిలినా బొమ్మ చెడిపోతుంది. మరి నడిచే మనిషి మెదడును చూసేదెలా? న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో రోయీ హోల్ట్జర్, జో వర్గీస్, వారి సహచరులు ఈ చిక్కు విప్పిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

చీకట్లో టార్చి మీద చెయ్యి పెడితే వేళ్లు ఎర్రగా వెలుగుతాయి కదా, ఆ ఎరుపుకు కాస్త అవతలి కాంతి ఎముకను కూడా దాటగలదు. దానితో మెదడులోని ఆక్సిజన్‌ను కొలవవచ్చని 1977లోనే ఫ్రాన్స్ జోబ్సిస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. హోల్ట్జర్ బృందం నాలుగు దీపాలు, పది గ్రాహకాలు ఉన్న పట్టీని నుదుటికి కట్టింది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఆ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. తిరిగొచ్చిన వెలుగును బట్టి మెదడు పైపొర ఎంత కష్టపడుతోందో తెలుస్తుంది. లోతున ఉన్న భాగాలు దీనికి అందవు. కానీ నుదుటి మీద వెంట్రుకల అడ్డు లేదు. ఒకేసారి రెండు పనులు చేసేటప్పుడు ధ్యాసను పంచే భాగం సరిగ్గా దాని వెనకే ఉంది.

నన్ను పరికరం కన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది పరీక్ష కూర్పు. ముందు ఊరికే నడవాలి. మరోసారి నిలబడి ఇంగ్లీషు అక్షరాలను ఒకటి విడిచి ఒకటి చెప్పాలి: ఏ, సి, ఇ... ఇంకోసారి ఆ రెండూ కలిపి చేయాలి. అక్షరమాల అందరికీ నోటికి వచ్చిందే, కొత్తగా నేర్పే పని లేదు. ఒకటి విడవాలి గనక అలవాటుగా దొర్లించేయడం కుదరదు. నడకకూ మాటకూ సమానంగా ధ్యాస పెట్టమని ముందే చెబుతారు. లేకపోతే ఒకరు కాళ్లను, ఇంకొకరు అక్షరాలను పట్టుకుంటారు, పోలిక చెడిపోతుంది. ఆ ఒక్క సూచనలోనే ఎంత ఆలోచన ఉందో!

2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా తిరుగుతున్న 166 మంది వృద్ధులను ఇలా పరీక్షించి, 50 నెలల వ్యవధిలో ఎవరెవరు పడిపోయారో గమనించారు. వారి నడక వేగం ముందుగా ఏమీ చెప్పలేకపోయింది. మాట్లాడుతూ నడిచేటప్పుడు నుదుటి వెనక భాగం ఎక్కువగా శ్రమించినవారికే పడిపోయే ముప్పు ఎక్కువని తేలింది. కాలు తడబడకముందే మెదడు పడుతున్న పాటు బయటపడిందన్నమాట.

ఈ పట్టీ మన వీధి చివరి ఆసుపత్రిలో దొరకదు. కానీ మాట్లాడిస్తే నడక ఆపేసే వృద్ధులు ఎక్కువగా పడిపోతారని 1997లోనే స్వీడన్ పరిశోధకులు గమనించారు. మీ ఇంటి పెద్దవాళ్లు నడుస్తూ జవాబు చెప్పలేక ప్రతిసారీ ఆగిపోతుంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.