‘అవార్డ్’ పథకము: గుణదోష విచారణ

సహారాకు దక్షిణమున గల ఆఫ్రికాలో చేలలో పాటుపడువారిలో స్త్రీలెందరో కలరు. కాని 2008 నాటికి అచ్చటి వ్యవసాయ పరిశోధకులలో స్థూలముగా నలుగురికి ఒక్కరే స్త్రీ. ఈ లోటు తీర్చుటకు ఆ యేడే కెన్యా రాజధాని నైరోబీ కేంద్రముగా ‘అవార్డ్’ పథకము ఆరంభమైనది.

ఎంపికైన ప్రతి శాస్త్రజ్ఞురాలికి అనుభవజ్ఞులైన మార్గదర్శి యొకరు లభింతురు. ఆమెయు తనకంటె చిన్నదైన మరియొక పరిశోధకురాలికి దారి చూపవలెను. ఈ నియమమే పథకమునకు ప్రాణము. నేర్చినది ఒకరితో ఆగిపోదు. నేర్పుటవలన నేర్చినవారికే విషయము గట్టిపడును.

అయినను వ్యక్తిని తీర్చిదిద్దినంత మాత్రమున సంస్థ మారదు. క్రొత్త వంగడము రూపొందుటకు ఏండ్లు పట్టును. ప్రసూతి సెలవులో ఆమె పరీక్షక్షేత్రమును చూచువారు లేక ఒక పంటకాలము తప్పినచో పని వెనుకబడును, పదోన్నతియు వెనుకబడును. అప్పుడు మార్గదర్శి హితవు ఒక్కటే చాలదు. తరువాతి కాలమున ఈ పథకమువారే సంస్థల తీరు మార్చుటకును పూనుకొనుట గమనింపదగినది.

మన పాఠశాలలకును ఇది వర్తించును. వ్యవసాయశాస్త్రము చదువుమని బాలికతో చెప్పు ఉపాధ్యాయుడు ఆమెచేత అంటు కట్టించి, పైరు కొలతలు తీయించినపుడే ఆ మాట సార్థకమగును.